చేవ వాసన: విశాఖ ఉక్కపోతలో ముదురు కలప సెంటు ఎంచుకోవడం, వాడుకోవడం

మూడేళ్ల కిందట ఒక సాయంత్రం, కొత్తగా కొన్న ముదురు సెంటు కొట్టుకుని ఎం.వి.పి. కాలనీలో మా పిన్ని ఇంటికి వెళ్లాను. అది ఆడవాళ్లకా మగవాళ్లకా అన్నది సీసా మీద రాసి లేదు. ఇద్దరూ వాడుకోవచ్చట. ఖరీదు తల్చుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. పిన్ని తలుపు తీసి ఒక్కసారి గాలి పీల్చి, "ఏటే, హోమం కాడ కూకునొచ్చావా?" అంది.

ప్రాణం ఉసూరుమంది. ఇంటికొచ్చి అట్టపెట్టె తిప్పి చూస్తే దేవదారు, వట్టివేరు, గంధం, పొగ అని రాసుంది. పిన్ని ముక్కు రవ్వంత కూడా తప్పలేదు. ఆ సీసాలో ఉన్నవన్నీ మనకు పుట్టినప్పటి నుంచి తెలిసిన వాసనలే. మరి అంత డబ్బు పోసి వాటినే మళ్లీ ఎందుకు కొంటున్నాం, కొనేటప్పుడు ఏం చూసుకోవాలి, ఈ సముద్రపు తేమలో వాటిని ఎలా భరించాలి, పక్కవాళ్లను ఎలా భరించనివ్వాలి అన్నది నేను తప్పులు చేసి నేర్చుకున్నాను. ఆ వరసలోనే చెబుతాను.

ముందు ఒక మాట. చెట్టు మానులో లోపలి ముదురు భాగాన్ని చేవ అంటాం. గంధపు చెట్టులో తైలం ఉండేది ఆ చేవలోను, వేళ్లలోను. పైనున్న తెల్ల చెక్కకు వాసన దాదాపు ఉండదు. ముదురు కలప సెంట్ల ఆకర్షణ అంతా ఈ చేవ గుణమే. పూల సెంటు ఎదురొచ్చి పలకరిస్తుంది, నిమ్మ సెంటు పలకరించి పది నిమిషాల్లో సెలవు తీసుకుంటుంది. కలప వాసన మాత్రం మూల కుర్చీలో కూర్చున్న తాతలా ఉంటుంది. దగ్గరికి వెళ్లి కూర్చుంటే గానీ మాట్లాడదు, మొదలుపెడితే రాత్రిదాకా ఆపదు. ఇందులో మాయ లేదు. నిమ్మజాతి అణువులు తేలిక, ఇట్టే ఆవిరైపోతాయి. గంధంలోని శాంటలాల్, వట్టివేరు తైలంలోని అణువులు బరువు, నెమ్మదిగా లేస్తాయి. ఉదయం కొట్టుకున్నది సాయంత్రం చొక్కా విప్పేటప్పుడు తెలిసేది అందుకే.

మొదటి పని: ముక్కుకు అక్షరాభ్యాసం

దుకాణానికి వెళ్లకముందు ఒక వారం ఇంట్లోనే గడపండి. దీనికి పైసా ఖర్చు లేదు, ఉన్నా పదో పరకో.

సాన మీద గంధపు చెక్క అరగదీయండి. పొడి చెక్కను వాసన చూస్తే అంతగా తెలియదు. నీటి చుక్క పడి, రాపిడికి కాస్త వేడెక్కాక పాల మీగడలాంటి మెత్తని వాసన లేస్తుంది. విశాఖవాసులకు గంధం గురించి వేరే చెప్పాలా? సింహాచలం అప్పన్న ఏడాదంతా గంధపు పూత కిందే ఉంటాడు. అక్షయ తృతీయనాడు మాత్రం నిజరూప దర్శనం. ఆ రాత్రి నుంచి మళ్లీ పూత మొదలు. వైశాఖం, జ్యేష్ఠం, ఆషాఢం పౌర్ణములతో కలిపి నాలుగు విడతలు, విడతకు మూడు మణుగులు. ఆ ప్రసాద గంధం ఇంట్లో ఉంటే చిటికెడు తడిపి చూడండి. సెంట్ల భాషలో 'శాండల్‌వుడ్' అంటే ముందు గుర్తు రావలసింది ఆ మెత్తదనం. చాలా సీసాల్లో మాత్రం దాని బదులు జావనాల్ లాంటి కృత్రిమ గంధం వాడతారు. అది అసలుకంటే పదునుగా, కొంచెం లోహపు మెరుపుతో ఉంటుంది. చెడ్డదేం కాదు గానీ తేడా తెలిసుండాలి.

ఇక్కడే ఒక భ్రమ తీర్చుకోండి. ఎర్రచందనానికి వాసన లేదు. శేషాచలం దుంగల కథలు విని అదేదో పరిమళాల గని అనుకుంటారు. దాని విలువ రంగులోను, కలపలోను ఉంది. సెంటు సీసా మీద ఎర్రచందనం పేరు కనిపిస్తే అది అలంకారం అనుకోండి.

తర్వాత వట్టివేళ్లు. పచారీ కొట్లో కట్ట కొని సగం మంచినీళ్ల కుండలో వేయండి, సగం పొడిగా ఉంచండి. నీళ్లలోది తడిసిన మట్టిలా చల్లగా ఉంటుంది. పొడి కట్టను నలిపితే గడ్డి, పొగ, చేదు మూడూ తెలుస్తాయి. ఒకే వేరుకు రెండు ముఖాలు. సెంటు తయారుచేసేవాళ్లు ఏ ముఖం చూపించాలో ఎంచుకుంటారు. హైతీ దేశపు వట్టివేరు తైలం శుభ్రంగా ఉంటుందని, జావా తైలం పొగచూరి ఉంటుందని పేరు. 2006లో లలీక్ సంస్థ తెచ్చిన ఆంక్ర్ న్వార్ ఈ పొగ ముఖాన్నే పట్టుకుంది. పేరుకు అర్థం నల్ల సిరా. మగవాళ్ల అరలో అమ్ముతారు, నాకు తెలిసిన ఇద్దరు అమ్మాయిలు నిక్షేపంలా వాడుతున్నారు.

మూడోది తుంగముస్తలు. చంటిపిల్లల సున్నిపిండిలో కచ్చూరాలు, బావంచాలతోపాటు పడే ఆ నల్లటి గడ్డలే. హిందీలో నాగర్‌మోథా అంటారు. ఇదే జాతి గడ్డల నుంచి తీసిన తైలాన్ని సెంట్ల లోకంలో సిప్రియోల్ అంటారు. ఇప్పుడు 'ఊద్' పేరుతో వచ్చే సీసాలు ఎన్నిటిలోనో ఆ మసక, తోలు, పొగ వాసనకు ఆధారం ఇదే. మీ అమ్మమ్మ చేతి నలుగుపిండి డబ్బా మూత తీసి పీల్చండి, నేను చెప్పేది ఒక్క క్షణంలో అర్థమవుతుంది.

అసలు ఊద్ మన అగరు. అక్విలేరియా జాతి చెట్టుకు గాయమై, బూజు సోకితే తనను కాపాడుకోవడానికి చేవలో నల్లటి జిగురు నింపుకుంటుంది. ఆ జబ్బు పడ్డ చెక్కే అగరు. ఆరోగ్యంగా ఉన్న చెట్టు చెక్కకు ఆ విలువ లేదు. అస్సాం దీనికి పెట్టింది పేరు. ఆ చెట్లు అరుదైపోవడంతో అంతర్జాతీయ వ్యాపారం మీద సైటిస్ అనే, అరుదైన మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం కింద నియంత్రణ ఉంది. అగరుబత్తికి పేరొచ్చింది దీన్నుంచే, నేటి మామూలు బత్తుల్లో మాత్రం అది ఉండదు. అంత ఖరీదు సరుకు వెయ్యి రూపాయల స్ప్రే సీసాలో ఉంటుందనుకోవడం మన అమాయకత్వం.

చివరగా, దగ్గర్లో కర్రల అడితి ఉంటే వాన వెలిసిన రోజు పది నిమిషాలు నిలబడి రండి. టేకు రంపపు పొట్టు, తడిసిన వేప, పాత సాలు దూలం, అన్నీ కలగలిసిన వాసన వేస్తుంది. "ఏం కావాలమ్మా?" అని అడుగుతారు. గుమ్మానికి ధర కనుక్కుంటున్నానని చెప్పండి.

రెండో పని: సీసా మీద రాతలు

ఈడీటీ (ఓ ద త్వాలెత్) అంటే సాధారణంగా 5 నుంచి 15 శాతం పరిమళ తైలం, ఈడీపీ (ఓ ద పర్ఫ్యూమ్) అంటే 15 నుంచి 20 వరకు, ఎక్స్‌ట్రె అంటే అంతకు పైన. మిగతాది చాలావరకు ఆల్కహాల్. ఇవి కచ్చితమైన కొలతలు కావు, సంస్థను బట్టి మారతాయి. శాతం పెరిగితే దూరం పెరుగుతుందని కూడా లేదు. గాఢమైన ఎక్స్‌ట్రె ఒంటికి అంటుకుని ఊరుకోవచ్చు, పల్చని ఈడీటీ గది దాటి వెళ్లవచ్చు. కలప సెంట్లలో మన వాతావరణానికి ఈడీటీయే హాయి అని నా అనుభవం. దుకాణంవాళ్లు ఇది ఒప్పుకోరు.

యూనిసెక్స్ అన్న మాటకు మరీ విలువ ఇవ్వక్కర్లేదు. గంధానికి, అగరుకు ఆడా మగా ఏమిటి? అత్తరు అమ్మే సాయిబు ఏనాడూ ఆ ప్రశ్న అడగలేదు. ఆ గీత గీసింది ఇరవయ్యో శతాబ్దపు ప్రకటనలు, చెరిపి మళ్లీ అమ్ముకున్నదీ అవే. 1992లో షిసేడో సంస్థ ఫెమినితే ద్యు బ్వా పేరుతో దేవదారును ఆడవాళ్ల సీసాలో పోస్తే అప్పట్లో అది సాహసం. 1994లో కాల్విన్ క్లైన్ సీకే వన్‌ను ఇద్దరికీ కలిపి ఒకే సీసాగా ప్రపంచమంతా అమ్మింది. అది నిమ్మ, తేయాకు తరహా తేలిక వాసన. ముదురు కలప వంతు తర్వాత వచ్చింది. 2003లో దిప్తీక్ వాళ్ల తామ్ దావ్, 2007లో టామ్ ఫోర్డ్ ఊద్ వుడ్, 2011లో లే లాబో సంతాల్ 33. వీటిలో ఏ ఒక్కటి వాసన చూసినా ఈ కుటుంబం ముఖకవళికలు తెలుస్తాయి. కొనమనడం లేదు. వాటి ధరలు చూస్తే నాకే కళ్లు తిరుగుతాయి. పరీక్ష సీసా దొరికితే చూడండి చాలు.

'డార్క్' అని రాసినదంతా కలప కాదని గుర్తుంచుకోండి. వనిల్లా, చాక్లెట్, రమ్ము దట్టించి నల్ల సీసాలో పోసి అదే పేరు పెడతారు. మే నెలలో విశాఖ బస్సులో అది కరిగిన కేకే. పదార్థాల వరసలో దేవదారు, వట్టివేరు, పచౌలి (మట్టివాసన వేసే ఒక ఆకు), తోలు, నాచు, పొగ ఉండి, తీపి సరుకు ఒకటికి మించకుండా ఉంటే మీ దారిలో ఉన్నట్టే.

మూడో పని: ఏసీలో చూసి, ఎండలో తేల్చుకోవడం

నేను మోసపోయింది ఇక్కడే. ఒక మాల్‌లో, చలికి చేతులు ముడుచుకుపోయే ఏసీలో, ఊద్ సెంటు ఒకటి చూశాను. రాజసంగా ఉంది. అక్కడికక్కడే పెద్ద సీసా కొనేశాను. తర్వాత వారం, మే నెలలో, ఏసీ లేని కల్యాణమండపంలో పెళ్లికి నాలుగుసార్లు కొట్టుకుని వెళ్లాను. తలంబ్రాల వేళకు నా తల నాకే బద్దలైపోతోంది. పక్కన కూర్చున్న పెద్దావిడ మర్యాదగా లేచి ఫ్యాన్ దగ్గరికి వెళ్లిపోయింది. సెంటు తప్పు కాదు. వేడికి అణువులు తొందరగా లేస్తాయి, తేమ గాలిలో వాసన ముక్కుకు గట్టిగా తగులుతుంది. మాల్‌లో నేను చూసింది ఆ సెంటు నిద్రపోతున్నప్పటి ముఖం.

అందుకని ఇలా చేయండి. దుకాణంలో ముందు కాగితపు పట్టీ మీద కొట్టించుకుని అర నిమిషం ఆగండి. వెంటనే పీలిస్తే ఆల్కహాలే తగులుతుంది. మూడు సెంట్లకు మించి చూడొద్దు. మధ్యలో కాఫీ గింజల గిన్నె ముందుకు తోస్తారు. అవి అరకు గింజలే అయినా సరే, ముక్కును కడగవు, ఇంకో వాసన చేర్చడం తప్ప. మీ మోచేతి మడత వాసన చూసుకోండి, అది మీ ముక్కుకు అలవాటైన వాసన. నచ్చినదాన్ని ఒక మణికట్టు మీద ఒక్కసారి కొట్టించుకుని, "మళ్లీ వస్తాను" అని బయటపడండి. అమ్మేవాళ్ల ముఖం ముడుచుకుంటుంది, పోనివ్వండి.

ఇక అసలు పరీక్ష. మధ్యాహ్నం రెండింటికి కొట్టించుకుని, ఎండ కాస్త తగ్గాక బీచ్ రోడ్డుకి వెళ్లండి. కాళీమాత గుడి దగ్గర దిగి, కురుసుర సబ్‌మెరైన్ మీదుగా ఉత్తరం వైపు నడవండి. చెమట పట్టనివ్వండి. మొదటి పావుగంట వాసన ఎలాగూ పోయింది, దాని సంగతి వదిలేయండి. మధ్య భాగం కూడా సముద్రపు గాలికి సగం కొట్టుకుపోతుంది. ఇప్పుడు మణికట్టు మీద మిగిలిందే మీరు కొనబోయే సరుకు. ఉప్పుగాలిలో అది ఎండిన కొయ్యలా హాయిగా ఉందా, మగ్గిన గోనెసంచిలా ఉందా, తీపెక్కి వెగటు పుడుతోందా? మొక్కజొన్న పొత్తు కాల్చే బండి దగ్గర ఆగి చూడండి. బొగ్గుల పొగ మీ చేతి పొగతో కలిసిపోతే మంచి గుర్తు. ఇది శాస్త్రం కాదు, నా పిచ్చి.

రాత్రి పడుకోబోయే ముందు ఇంకోసారి, తెల్లారి లేచాక ఇంకోసారి చూడండి. తెల్లారి మిగిలిన ఆ సన్నని వాసనను ప్రేమించగలిగితేనే కొనడం గురించి ఆలోచించండి. ఇంట్లోవాళ్లను తప్పక అడగండి, ఎందుకంటే మీ ముక్కు మీకు అబద్ధం చెబుతుంది. ఐసో ఈ సూపర్ అని దేవదారును తలపించే కృత్రిమ పదార్థం ఒకటుంది, ఈ రకం సెంట్లలో విరివిగా వాడతారు. 2006లో సెంట్లు తయారుచేసే గేజా షోన్ మాలిక్యూల్ 01 పేరుతో పరిమళంగా అదొక్కటే పోసి అమ్మాడు. కొందరికి అది అస్సలు తెలియదు, కొందరికి వచ్చి పోతూ ఉంటుంది. మా తమ్ముడు స్టీల్‌ప్లాంట్లో పనిచేస్తాడు. వాడికి ఆ నమూనా ఇస్తే, "ఇందులో నీళ్లున్నాయక్కా, నిన్ను ముంచారు" అన్నాడు. నాకు పక్కగదిలోకి వస్తోంది.

నాలుగో పని: చిన్న సీసాతో ఒక నెల

నచ్చినా పెద్ద సీసా వద్దు. 5 ఎం.ఎల్. లేదా 10 ఎం.ఎల్. డీకాంట్లు, అంటే పెద్ద సీసాలోంచి చిన్నదాంట్లోకి పోసినవి, ఆన్‌లైన్లో అమ్ముతారు. ఒక్కసారి నొక్కితే సుమారు 0.1 ఎం.ఎల్. పడుతుందనుకుంటే 5 ఎం.ఎల్.లో యాభై నొక్కులు. రోజుకు రెండు చొప్పున మూడు వారాలు దాటుతుంది. అదే లెక్కన 50 ఎం.ఎల్. సీసా ఎనిమిది నెలలు. 100 ఎం.ఎల్. ఒక్కరే ఎందుకు? ఇద్దరికీ పనికొచ్చే సెంటు కదా, అక్కాతమ్ముళ్లో మొగుడూ పెళ్లాలో చెరి సగం వేసుకోండి. మేమలాగే చేస్తాం. అదే సెంటు మా తమ్ముడి మీద ఎండుగడ్డిలా, నా మీద గంధంలా వస్తుంది.

పెద్ద సీసా కొనేటప్పుడు దిగుమతిదారు పేరు, ఎమ్మార్పీ, నెల, సంవత్సరం ఉన్న స్టిక్కర్ చూడండి. అది లేకుండా సగం ధరకు ఇస్తానంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

బడ్జెట్ తక్కువైతే అత్తర్లున్నాయి. వన్‌టౌన్ వైపు వెళ్తే చిన్న గాజు సీసాల్లో ఖస్, అంటే వట్టివేరు అత్తరు, మజ్మువా, అంటే కొన్ని అత్తర్ల కలయిక, లాంటివి దొరుకుతాయి. అత్తర్లకు పేరున్న ఉత్తరప్రదేశ్ ఊరు కనౌజ్ పద్ధతిలో డేగ్ అనే రాగి పాత్రలో మరిగించి, ఆవిరిని గంధపు నూనెలోకి దింపేవారు. నేడు చౌకవాటిలో గంధపు నూనె బదులు వేరే నూనెలు ఉంటాయి. ఆల్కహాల్ ఉండదు కాబట్టి గుప్పున కొట్టదు, చర్మానికి దగ్గరగా ఉంటుంది. మోచేతి లోపల చుక్క రాసి ఒక రోజు చూడండి. దురద, ఎరుపు వస్తే వదిలేయండి. నిమ్మజాతి సహజ తైలాలు కలిసినవి రాసుకుని ఎండలో తిరిగితే చర్మం కమిలే ప్రమాదమూ ఉంది.

ఐదో పని: కొట్టుకోవడం

రెండే రెండు. ఇంతకంటే ముఖ్యమైన సలహా నా దగ్గర లేదు.

స్నానం చేసి ఒళ్లు తుడుచుకున్నాక, చెమట పట్టకముందే. పొడి చర్మం మీద సెంటు తొందరగా పోతుంది, వాసన లేని లోషన్ ఏదైనా పల్చగా రాసుకోండి. కొబ్బరినూనె రాసుకోవచ్చు గానీ దాని వాసన అది తెస్తుంది. గంధంతో అది కలుస్తుంది, పొగతో కలవదు. ఒకటి ఛాతీ మీద, బట్టల లోపల పడేలా. ఇంకొకటి మోచేతి మడతలో. మెడ మీద వద్దు. మన ఊళ్లో ముందు చెమట పట్టేది మెడే, పైగా అది నేరుగా ముక్కు కింద ఉంటుంది. మణికట్లు రుద్దితే అణువులు విరిగిపోతాయని చెబుతారు గానీ అదంతా పుక్కిటి మాట. రాపిడి వేడికి పైపై వాసన తొందరగా ఎగిరిపోతుంది, అంతే. రుద్దకపోతే మంచిది, రుద్దినా కొంప మునగదు.

నూలు బట్టలు కలప వాసనను బాగా పట్టుకుంటాయి. చీరైతే లోపలి అంచు మీద జానెడు దూరం నుంచి కొట్టండి. పట్టుచీర మీద, తెల్ల చొక్కా మీద మాత్రం వద్దు. ముదురు తైలాలు రంగు వదులుతాయి, ఆ మరక పోదు. ఆ పాఠానికి నేను ఒక వెంకటగిరి చీర ఫీజు కట్టాను.

గంట తర్వాత మీకు వాసన తెలియకపోతే ఇంకోసారి కొట్టకండి. ముక్కు అలవాటుపడింది, సెంటు ఎక్కడికీ పోలేదు. కిక్కిరిసిన సిటీ బస్సులో, షేర్ ఆటోలో, లిఫ్టులో పక్కవాళ్లకు తప్పించుకునే దారి లేదు. ఆసుపత్రికి రోగిని చూడటానికి వెళ్లేటప్పుడు, ఉబ్బసం ఉన్నవాళ్ల ఇంటికి వెళ్లేటప్పుడు అసలు వద్దు.

ఆరో పని: ఏ కాలానికి ఏది

మార్చి నుంచి జూన్ దాకా వట్టివేరు, పొడి దేవదారు, తేలిక గంధం. ఊద్, తోలు, పచౌలి బీరువా దాటి రాకూడదు. వానాకాలంలో నాచు, పచౌలి బాగుంటాయి, బయట మట్టివాసనతో సరిపోతాయి. ఆరని బట్టల ముక్కవాసన మీద మాత్రం ఏ సెంటూ పనిచేయదు, రెండూ కలిసి మూడో దరిద్రం పుడుతుంది. ఆ కల్యాణమండపం పెళ్లికి కొట్టుకెళ్లి, సగం వాడి పక్కన పడేసిన ఊద్‌ను మార్గశిరంలో ఒక గురువారం తెల్లవారుజామున బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి వెళ్తూ ఒకే ఒక్కసారి నొక్కాను. చలిగాలి, పసుపు, సాంబ్రాణి, తడి రాళ్లు, వాటి మధ్య ఆ ఊద్ ఎంత ఒద్దికగా ఇమిడిందో! ఏడు నెలలు తిట్టుకున్న సీసాను ఆ రోజు క్షమించాను.

ఏడో పని: దాచుకోవడం

వెలుతురు, వేడి, ఈ రెండూ ముఖ్య శత్రువులు. బాత్రూమ్ అరలో, కిటికీ పక్క డ్రెస్సింగ్ టేబుల్ మీద పెట్టకండి. అట్టపెట్టెలోనే ఉంచి బీరువాలో కింది అరలో పెట్టండి. కలప సెంట్లు నిమ్మ సెంట్లకంటే ఎక్కువ కాలం నిలుస్తాయి, కొన్ని ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా గుండ్రబడతాయి. అదే బీరువాలో కలరా ఉండలుంటే మాత్రం ముందు వాటిని తీసి పారేయండి, బట్టలకు ఆ వాసన పట్టాక మీరు ఏం కొట్టుకున్నా దండగే. వాటి బదులు మొదటి వారం మిగిలిన వట్టివేళ్ల కట్టను పల్చటి గుడ్డలో చుట్టి చీరల మధ్య పెట్టండి. ఖాళీ అయిన సెంటు సీసా ఉంటే మూత తీసి దాని పక్కనే పడుకోబెట్టండి.